అవ్వ రాయి, నా ఉంగరం

జూన్ 1, ఆదివారం

ప్రధానం అయిపోయింది. నాకు ఈ జన్మలో పెళ్ళి కాదని తేల్చేసిన బేతంచెర్ల చర్చి సంఘం ఆడవాళ్ళంతా వచ్చి, రెండేసిసార్లు బిర్యానీ వడ్డించుకుని తిని, ఉంగరం చూసి, మొహాలు మాడ్చుకుని వెళ్ళారు. కడుపు నిండా కుళ్ళు ఉన్నా బిర్యానీకి చోటు మిగులుతుందని ఈరోజే తెలిసింది.

ఇంతకుముందు రెండు సంబంధాలు నా నోటివల్లే పోయాయని మా నాయన అంటాడు. మొదటివాడు ఇంజనీరు అన్నారు, ఏ ఇంజనీరని అడిగాను. రెండోవాడి తల్లి నా రంగు గురించి మాట్లాడింది, నేను ఆమె మీసం గురించి మాట్లాడాను. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఈసారి నోరు కట్టేసుకున్నాను. మనిషి నచ్చాడు, అదీ సంగతి. పేరు యేసుప్రసాద్. తుగ్గలి దగ్గర పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. గొర్రెలకు మందు తాపుతాడు, ఈనలేని బర్రెల కడుపులో చెయ్యి పెట్టి దూడను లాగుతాడు. చూపులనాడు కాఫీ ఇస్తూ చేతులు కడుక్కున్నారా అని అడిగితే, "ఈ పొద్దు సెలవు. ఒక్క బర్రెను గూడా ముట్టలా" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను. ముప్పై మూడేళ్ళదాన్ని ఇంత తేలిగ్గా పడిపోతానని నేనూ అనుకోలేదు.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అతన్ని అవ్వ జ్ఞానమణి పెంచింది. ఉంగరం తొడిగే ముందు ఆమె లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. తుగ్గలి చర్చిలో ఏటా వానలు పడగానే చెప్పే సాక్ష్యమేనట.

"మా ఆయన చచ్చిపోయిన ఏడాది అది. ఇంట్లో గింజ లేదు. శెనక్కాయల చేన్లో కలుపు తీస్తాంటి. వాన పడి వెలిసిండాది. ప్రభువా, నాకు కూడన్నా పెట్టు, లేదంటే నన్ను తీస్కొనన్నా పో అని ఏడిస్తి. కాలికింద ఏందో గుచ్చుకొనె. తీసి కడిగితే రాయి! మర్నాడే వజ్రాల బ్రోకరు పరిగెత్తుకొని వచ్చె. చీర ఇస్తా, జొన్నల మూట ఇస్తా అన్యాడు. అంత తొందరగా ఇస్తానంటాడంటే ఈ నాకొడుకు మోసం చేస్తాండాడని చీపురు తీసుకొని తరిమితి. కూలికి పోతి, పస్తులుంటి, రాయి మాత్రం అమ్మలా. నా మనవడి పెండ్లాం వేలికే అని మొక్కుకుంటి."

పసుపు డబ్బాలో ఇన్నేళ్ళు దాచిన ఆ రాయిని ప్రసాద్ ఈమధ్యే బెంగుళూరులో సానపట్టించి ఉంగరంలో పొదిగించాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను వేలెత్తి కిటికీ వెలుగులో చూశాను.

రాయి చాలా శుభ్రంగా ఉంది.

ప్రసాద్ నా మొహంలోకే చూస్తున్నాడు. నేను నవ్వాను.

జూన్ 3, మంగళవారం

కర్నూలుకు వచ్చి మళ్ళీ నగల కొట్లో పడ్డాను. డైమండ్ కౌంటరు నాది. ఓనరు కొత్తగా ల్యాబ్ డైమండ్ల కౌంటరు తెరిచి, నా నోరు చూసి అది కూడా నాకే అంటగట్టాడు. నా నోటికి గిరాకీ ఉన్న చోటు భూమ్మీద ఇదొక్కటే.

వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే, ఇది నిజమైన వజ్రమేనా అని. నిజమైనదే సార్. నేలలో పుట్టినదీ మిషన్లో పుట్టినదీ రెండూ వజ్రాలే. గాజు కాదు, ఇంకో రాయి కాదు. గట్టితనం ఒకటే, మెరుపు ఒకటే. ఒకటి నేల అడుగున కోట్ల ఏళ్ళు ఉడికింది, ఒకటి ఫ్యాక్టరీలో కొన్ని వారాలు ఉడికింది. మొదటిది అపురూపం, అందుకే ప్రియం. రెండోదాన్ని ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు, అందుకే చవక. ఇదంతా చెప్పి టెస్టరు పెన్ను రాయికి ఆనిస్తాను, కీచుమంటుంది. ఆ కూత వినగానే వాళ్ళ మొహాలు విచ్చుకుంటాయి. మనుషులకు నా మాటకంటే పెన్ను కూత మీదే గురి.

కౌంటరు ఖాళీ అయ్యాక పెన్నును నా ఉంగరానికి ఆనించాను. కూసింది. వజ్రమే. ఇక దీని గురించి రాయను.

జూన్ 4

పెన్ను ల్యాబ్ రాయికి కూడా కూస్తుంది. ఆ సంగతి రోజూ పదిమందికి నేనే చెబుతాను.

జూన్ 5, గురువారం

ఓనరు గదిలో ఇంకో మిషను ఉంది. మేము దాన్ని డబ్బా అంటాము. రాయిని లోపల పెట్టి, చిన్న అద్దం ఉన్న మూత వేస్తే దాని మీద కంటికి కనబడని వెలుగు కొడుతుంది. ఆ వెలుగు ఆగిపోయాక కూడా రాయి నీలిపచ్చగా మినుకుమంటూ ఉంటే అనుమానించాలి. నేల రాళ్ళు చాలావరకు వెంటనే ఆరిపోతాయి. మరీ తేలనివాటిని ముంబైలో పెద్ద ల్యాబుకు పంపిస్తారు.

శివలీలకు అన్నీ కావాలి. ఆమెది బంగారం కౌంటరు. మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుంటాము. కోడుమూరులో వాళ్ళ నాయన చీరలు నేస్తాడు. ఈరోజు నా ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టుకుని ఎంతసేపు చూసిందో.

"ఇంత నున్నగా ఉండాదేమే? మా నాయన మగ్గం మీద నేసిన చీరకు యాడో ఒకచోట పోగు ముడి కనపడుతాది. మరమగ్గం చీరకే ఏ ముడీ కనపడదు."

"దేవుడు నేసిన చీర ఇది. నోరు ముయ్యి" అన్నాను.

డబ్బా ఖాళీగానే ఉంది. నాకే తీరిక లేదు.

జూన్ 8, ఆదివారం

బేతంచెర్ల చర్చిలో పెళ్ళి ప్రకటన చదివారు, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చదివేవాటిలో మొదటిది. "ఫలానా వరుడికీ ఫలానా వధువుకూ పెళ్ళి జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి" అని పాస్టరు అయ్యగారు అడిగి ఆగారు. మా చర్చిలో ఆ ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఎవరైనా లేస్తారేమోనని జనమంతా మెడలు తిప్పి చూస్తారు. నా ఎరికలో ఒక్కరూ లేవలేదు. నా పెళ్ళికి కూడా ఎవరూ లేవలేదని కొంచెం చిన్నతనం అనిపించింది. శత్రువులు కూడా లేని బతుకు.

ఇంటికొచ్చాక నాయన నా వేలు పట్టుకుని చూశాడు. ఆయన బండల ఫ్యాక్టరీలో కోత మిషను మీద చేస్తాడు.

"మా బ్లేడు అంచుకు అతికించేది గూడా డైమండే అంటారు గదా పాపా. మరి మాదేమో నల్లగా బొగ్గుపొడి మాదిరుంటాది. ఇదేమో ఇట్లుండాది."

చెప్పాను. వేలికి పెట్టే రాయికి లోపల పగుళ్ళు, మచ్చలు, మసక ఉండకూడదు. రంగు ఉండకూడదు, వెలుగు సూటిగా పోయి రావాలి, సానకు నిలవాలి. నేల నుంచి తీసే వజ్రాల్లో చాలా వాటికి ఆ యోగ్యత లేదు. అవన్నీ పనికి పోతాయి. బ్లేడుకు, డ్రిల్లుకు గట్టితనం ఒక్కటి చాలు, అందం ఎవడికి కావాలి. ఈ రోజుల్లో ఆ పొడిని కూడా చాలావరకు ఫ్యాక్టరీలోనే చేస్తున్నారు.

"అయితే నేను దినామూ వజ్రాలతో పని చేస్తాండానన్న మాట" అని నాయన నవ్వి, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి పోయాడు.

జూన్ 10

డబ్బా ఖాళీ. తలనొప్పి.

జూన్ 12, గురువారం

ప్రసాద్ ఫోన్. మాటల్లో మాటగా, బెంగుళూరులో రాయికి సానపట్టింది ఎవరని అడిగాను. ఆయన ఒక బర్రె సంగతి ఎత్తుకున్నాడు. ఆ బర్రె ప్లాస్టిక్ సంచి మింగిందట, దాన్ని బయటికి తీయడానికి ఊరంతా పూనుకోవాల్సి వచ్చిందట. చాలాసేపు నవ్వాను. బర్రె కథ బాగుంది. సానపట్టినవాడి పేరు మాత్రం తెలియలేదు.

డబ్బాలో పెట్టి చూడడమంటే ఆయన్ని అనుమానించడమే. పెళ్ళికి ముందే అనుమానిస్తే పెళ్ళయ్యాక చేయడానికి ఏం మిగులుతుంది?

జూన్ 15, ఆదివారం

రెండో ప్రకటన. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు.

జూన్ 17, మంగళవారం

ఇక దీని గురించి రాయనన్నాను. అయినా రాస్తాను.

వేంపల్లె నుంచి ఒకామె కూతురి పెళ్ళికి కమ్మలు కొనడానికి వచ్చింది. తోడు ఒక అక్క, ఒక చెల్లెలు, ఒక వదిన. నా మాట నమ్మలేదు, పెన్ను కూతా నమ్మలేదు. "నేల రాయికీ మిషన్ రాయికీ తేడా తెలిసేది ఇంకో మిషనుండాదంట గదా, అది చూపీ" అంది. ఓనరు దర్జాగా డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ముందు ల్యాబ్ రాయి పెట్టి చూపించాను. వెలుగు ఆగాక కూడా మినుకుమంది.

"ఇది మీ అంగడి సొమ్ము. మీరేం చెప్తే అదే ఆడుతాది. ఏదీ, నీ వేలికుండేది పెట్టు."

"అది నా ప్రధానం ఉంగరమమ్మా."

"ఇంగేం మరి? అసలుదే అయ్యుంటాది గదా. పెట్టు."

నలుగురు ఆడవాళ్ళు, ఓనరు, శివలీల అందరూ నా వేలు వైపే చూస్తున్నారు. తీసి పెట్టాను. మూత వేశాను. వెలుగు కొట్టింది, ఆగింది.

మినుకుమంటూనే ఉంది. నీలిపచ్చగా, తాపీగా, ఆరిపోవడానికి ఏ తొందరా లేనట్టు.

వేంపల్లె ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. "అమ్మే దానివి నువ్వే దీన్ని ఏసుకున్యావంటే బాగున్నట్టే లెక్క" అని రెండు జతల కమ్మలు తీసుకుంది. చెల్లెలు కూడా ఒకటి తీసుకుంది. ఓనరు నా భుజం తట్టి, ఇకనుంచి కొనడానికొచ్చే ప్రతి పార్టీకీ నీ ఉంగరాన్నే పెట్టి చూపించు సుజనా, భలే ఐడియా అన్నాడు.

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నా జీతమంతా మాటలు తిప్పితే వచ్చేదే. ఇంటికి పోయాక తిప్పాల్సిన పని లేని మనిషి ఒకడు కావాలనుకున్నాను. అంతకంటే పెద్ద కోరికేమీ లేదు నాకు.

జూన్ 18

సానపట్టేచోట మార్చేసి ఉంటారు. ప్రసాద్ అమాయకుడు. బర్రెల మధ్య తిరిగేవాడికి బెంగుళూరు మోసాలు ఏం తెలుస్తాయి? అంతే అయ్యుంటుంది. పాపం.

అంతే అయితే రేపు సెలవు ఎందుకు పెట్టాను?

జూన్ 19, గురువారం

తుగ్గలి బస్సులో సగంమంది వజ్రాల వేటగాళ్ళే. రెండు వానలు పడితే చేలలో రాళ్ళు బయటపడతాయి కదా, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేల గట్ల మీద పట్టలు కట్టుకుని, కడియాలు పోగొట్టుకున్నవాళ్ళలా వంగి నడుస్తున్నారు. నేలలో దొరికే వజ్రం మెరవదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. పటికబెల్లం ముక్కలా మసకగా, జిడ్డుగా ఉంటుంది. మెరిసే ప్రతి గాజుపెంకునూ ఏరుకుని ముద్దు పెట్టుకుంటున్నారు.

ప్రసాద్ గొర్రెలకు టీకాలు వేసి వస్తున్నాడు. రోడ్డు పక్కనే బండి ఆపించాను.

"ఈ రాయి యాడిది?"

"అవ్వది."

"ప్రసాద్ గారూ, నేను దినామూ చేసే పని ఇదే. యాడిది?"

హెల్మెట్ తీయబోయి మళ్ళీ పెట్టుకున్నాడు. "బెంగుళూరులో కొన్యా."

"అవ్వ రాయి?"

"తీస్కపోయినా సుజనా. సానపట్టేవాడు అద్దం పెట్టి చూసినాడు. వజ్రమే, దాంట్లో అనుమానమే లేదన్యాడు. అయితే నల్లగుండాది, లోపలంతా పగుళ్ళేనంట. చక్రం మీద పెడితే ముక్కలైపోతాదంట. ఇది వేలికి పనికొచ్చేది కాదు, పొడి చేసి బ్లేడుకు వేసేదానికే అన్యాడు."

"సరే. ఆ నల్లరాయి యాడుండాది?"

"ఆడనే ఇచ్చేసి వచ్చినా."

"ఇచ్చేసినావా!" మీరు అనడం అక్కడితో సరి.

"ఇంట్లో పెడితే అవ్వ కంట్లో పడుతాది. రెండు రాళ్ళుంటే ఏది ఏదని చెప్పేది? ఆమె ఇన్నేండ్లు ఆ రాయి మీదనే బతికింది. నువ్వు పస్తులుండి దాచింది బ్లేడు పొడి అవ్వా అని ఏ నోటితో చెప్పేది?"

"నాతో చెప్పేదానికి నోరు రాలేదా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు తెలుసు గదా!"

"నాకా?"

"ప్రధానం పొద్దు రాయిని వెలుగులో పెట్టి చూసినావు. నా మొహం చూసినావు. నవ్వినావు. ఈమె కనిపెట్టేసింది, అవ్వ బాధపడుతాదని కడుపులో పెట్టుకునింది, ఎంత మంచి మనిషో అనుకున్యా. ఆ పొద్దు నుంచి నువ్వంటే నాకు శానా ఇదైపోయింది సుజనా."

హెల్మెట్ ఉంది కాబట్టి బతికిపోయాడు. నాకు లేని మంచితనాన్ని చూసి ఈ మనిషి నన్ను ప్రేమించేశాడు. తిడదామంటే మాటే దొరకలేదు. బేతంచెర్ల సంఘం చూసి ఉంటే పండగ చేసుకునేది.

అంతలో చేలోంచి అవ్వ కేక. వేటగాళ్ళ మధ్య నిలబడి నన్ను చూపిస్తోంది. "ఈమేనప్పా నా మనవడి పెండ్లాం. రాళ్ళ డాక్టరు!" గబగబా వచ్చి నా చేయి పట్టుకుంది.

"మూడో ప్రకటనకు మా చర్చికి వస్తారు గదా మీరంతా. ఆ పొద్దు నువ్వు లేచి సాక్ష్యం చెప్పల్ల. గాజుపెంకును చూసి ఎగిరెగిరి పడుతాందని ఇన్నేండ్లు నన్ను ఎగతాళి చేసినోళ్ళు శానామంది ఉండారు. నేను చెప్తే నవ్వినారు. చదువుకున్యదానివి నువ్వు చెప్తే మూతులు మూస్కుంటారు."

సరే అవ్వా అన్నాను. ప్రసాద్ గొర్రెలకేసి చూస్తూ నిలబడ్డాడు.

జూన్ 20, శుక్రవారం

ఒక్క సంగతికి మాత్రం నవ్వొస్తోంది. చీర, జొన్నల మూట ఇస్తానన్న బ్రోకరు ఆ నల్లరాయికి ఉన్న విలువకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. అవ్వ జన్మలో చూసిన ఒకే ఒక్క నిజాయితీపరుణ్ణి చీపురుతో తరిమేసింది.

నవ్వాక ఏడుపొచ్చింది. ఆ మనిషి ఆకలితో ఉంది కదా అప్పుడు.

జూన్ 21, శనివారం

"ఇది వజ్రమే." ఆదివారం ఇది అంటే సరిపోతుంది. కొట్లో రోజంతా అనేదే. శివలీల ముందు రెండుసార్లు అని చూశాను.

"అబద్ధమేముండాదే దాంట్లో?"

"ఏమీ లేదు."

"మరి మొహమెందుకట్లా పెట్టినావు?"

జూన్ 22, ఆదివారం

అంతా రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు.

తుగ్గలి చర్చి కిటకిటలాడింది. అవ్వ కొత్త చీర కట్టుకుని ఆడవాళ్ళ వరుసలో ముందు కూర్చుంది. నాయన మగవాళ్ళ వైపు ప్రసాద్ పక్కన. సాక్ష్యాల వేళకు అవ్వ లేచి, రాయి కథ మొత్తం చెప్పి, నన్ను ముందుకు పిలిచింది.

"ఇది వజ్రమే" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నాలుకకు బాగా అలవాటైన పనే. దిగిపోబోయాను.

"ఉండు. మీ అంగట్లో మిషన్ రాళ్ళు గూడా అమ్ముతారంట గదా. వాటికీ, చేన్లో దేవుడిచ్చిన దానికీ తేడా ఏందో చెప్పు. అందరూ వినల్ల."

రోజూ చెప్పేదే కదా అని మొదలుపెట్టాను. నేలలో పుట్టినదాంట్లో సాధారణంగా ఏదో ఒక గుర్తు మిగులుతుంది, చిన్న చుక్కో, ఈకలాంటి పగులో, మసకో. వేల రాళ్ళలో ఒకటి రెండు తప్ప ఏ గుర్తూ లేనివి దొరకవు. చేయి చాచి చెబుతున్నాను, వేలి మీద ఆ రాయి ఏ గుర్తూ లేకుండా తళతళలాడుతోంది. అవ్వ ముందుకు వంగి, నా మాట ఒక్కటి కూడా జారిపోకుండా వింటోంది. మా అమ్మ పోయాక నా మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. చాచిన చేయి దించాను.

"దీనికి అట్లాంటి గుర్తు లేదవ్వా" అన్నాను. "ఇది నీ రాయి కాదు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అవ్వకే మొదట అర్థమైంది. "మరి నా రాయి యాడ?" అంది, నన్ను కాదు, మనవణ్ణి చూస్తూ. ప్రసాద్ లేచి చెప్పాడు. నాకు చెప్పినట్టే, ఏదీ దాచకుండా. నలుపు, పగుళ్ళు, పొడి, బ్లేడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అవ్వ విందని ఆమె మెడ చూస్తే తెలిసింది.

అక్కడి అయ్యగారికి చెమటలు పట్టాయి. ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న కాగితం చూసి మూడో ప్రకటన చదివేశారు. అలవాటుగా, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అన్నారు.

"నాకుండాది" అంది అవ్వ.

ఆయన అలవాటుగా ఇంకో వాక్యం చదివి ఆగారు. "అవ్వా, అభ్యంతరమంటే అది కాదు. ముందే పెండ్లయినోడనో, వరస కానిదనో..."

"ఈడు దొంగ. దేవుడిచ్చినదాన్ని నాకు చెప్పకుండా పారేసి వచ్చినాడు. ఆ పిల్లను మోసం చేసినాడు. అదేం చిన్న అభ్యంతరమా? పిల్ల నాయనా, లేవప్పా, నీ బిడ్డను తీస్కపో. ఈడికన్నా మంచి గాడిదలు బేతంచెర్లలోనే దొరుకుతాయి."

పెళ్ళికొడుకు సొంత అవ్వే అభ్యంతరం చెబితే ఏం చేయాలో ఆయన చదివిన చదువులో ఎక్కడా లేదనుకుంటాను. పుస్తకం పేజీలు తిప్పుతున్నారు. అప్పుడు నాకు తెలియకుండానే నోరు తెరిచాను.

"నన్ను ఆయన మోసం చెయ్యలా అవ్వా. నాకు ప్రధానం పొద్దే తెలుసు. చూసినంతనే తెలిసింది. తెలిసే నవ్వినా."

అన్నాక చూసుకుంటే అది నిజం. డబ్బా, పెన్ను, తలనొప్పి, అన్నీ నా నాటకమే. ఈ పెళ్ళి పోతుందని భయపడి తెలియనట్టు ఉన్నాను. ప్రసాద్ పొరబడలేదు. నేను నోరు మూసుకుంది అవ్వ కోసం అనుకున్నాడు, అది ఒక్కటే తప్పు.

అవ్వ మనవణ్ణి చూసినదానికంటే హీనంగా నన్ను చూసింది. "నువ్వు గూడానా" అని బయటికి వెళ్ళిపోయింది. సంఘ పెద్దలతో మాట్లాడి వచ్చే ఆదివారం మళ్ళీ చదువుతామని అయ్యగారు ముగించేశారు.

బయటికి వస్తే ఆమె చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన మా నాయన. వాళ్ళ వెనక నిలబడ్డాను, వెళ్ళడానికి ధైర్యం లేక.

"నువ్వు ఆ మిషన్ల కాడనే చేస్తావంట గదప్పా. నా రాయి ఆడికి పోతే ఏమైతాది?"

"నూరి పొడి చేస్తారు పెద్దమ్మా. బ్లేడు అంచుకు అతికిస్తారు."

"ఊరికేనా?"

"ఊరికెందుకు? ఉత్త ఇనుప బ్లేడును బండ మీద పెడితే బండకేం కాదు, బ్లేడే అరుగుతాది. అది ఉంటేనే తెగేది. ఈ కాలంలో ఫ్యాక్టరీ పొడి ఎక్కువ, నేలది తక్కువ. ఏదైనా చేసే పని అదే."

"నాది గూడా కోస్తాదా?"

"కోస్తాది. అరిగిపోయేదాకా కోస్తానే ఉంటాది."

అవ్వ తను కూర్చున్న బండ మెట్టును అరచేత్తో నిమిరింది. తర్వాత, "నేనేమో ఇన్నేండ్లు దాన్ని పసుపు డబ్బాలో కూకోబెడితి" అంది. నాయన బీడీ తీసి, చర్చి అని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 24

బేతంచెర్ల దాకా పాకింది. పెదనాన్న కూతురు ఫోన్ చేసి పరామర్శించింది. ఎంత సంతోషంగా పరామర్శించిందో.

జూన్ 26, గురువారం

ప్రసాద్ ఫోన్ ఎత్తాను. అవ్వ కూడు పెడుతోందట, మాట మాత్రం లేదట. "బర్రెతో మాట్లాడుతాది, నాతో మాట్లాడదు" అన్నాడు. నువ్వు అనుకున్నంత మంచిదాన్ని కాదు నేను, భయపడి నోరు మూసుకున్నాను అని చెప్పాను. "నేనూ భయపడే గదా చేసింది" అన్నాడు. తర్వాత ఇద్దరం ఆ బర్రె గురించే మాట్లాడుకున్నాము. ఫోన్ పెట్టడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

ఈ మనిషి నాకు కావాలి. రాశాను. కొట్టెయ్యను.

అవ్వ వద్దంటే మాత్రం చేసుకోను. ఆమెకున్న ఒక్క గొప్పనూ ఊరి ముందు మేమిద్దరమే నలిపేశాము. ఆపైన ఆమె ఇంట్లో దూరి అన్నం ఎలా తింటాను?

జూన్ 29, ఆదివారం

ఆరాధన మొదలుకాక ముందే తుగ్గలి చర్చి నిండా జనం. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు, వాక్యం మీద ఆసక్తితో కాదు. సాక్ష్యాల వేళకు అవ్వ లేవలేదు. వానాకాలంలో ఆమె లేవకపోవడం అందరూ మొదటిసారి చూశారు. నేను ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుతూ కూర్చున్నాను.

అయ్యగారు మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం మాట దగ్గర గొంతు తగ్గించారు. ఆగారు. మెడలన్నీ అవ్వ వైపు తిరిగాయి. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, అది చాలక మళ్ళీ తీసి తుడిచింది. అప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"నాకు రాయి ఇచ్చింది దేవుడు. పారేసింది ఈడు. తెలిసి నోరు మూసుకున్యది ఈమె. ఇద్దరికిద్దరూ సరిపోయినారు, ఇంకొకరి కొంపలు కూల్చకుండా వీళ్ళే చేసుకోనీ. నాకేం అభ్యంతరం లేదు."

అయ్యగారు ఊపిరి పీల్చుకుని కాగితం మడవబోయారు.

"అయిపోలా. ఒక మాటుండాది. ఇంగమీద ఆ ఉంగరాన్ని నా రాయి అని ఎవరూ అనొద్దు. అది మిషన్ది. ఈడు కొన్యాడు, ఆమె తొడుక్కునింది, అది వాళ్ళది. నా రాయి నల్లది. వేలికి పనికిరాదు. నాది గాజుపెంకని నవ్వినోళ్ళు విన్నారు గదా, గాజుతో బండ తెగదు. అది యాడో బండ కోస్తాంటాది ఈ పొద్దు గూడా. సెలవు లేదు దానికి."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మగవాళ్ళ వైపు నుంచి మా నాయన ఒక్కడే గట్టిగా స్తోత్రం అన్నాడు. తర్వాత చర్చి మొత్తం అంది. ఆ నవ్వినవాళ్ళు కూడా అన్నారు.

నేను ఏడుస్తున్నాను. చప్పుడు కాకుండా ఏడవడం నాకెప్పుడూ రాదు. ప్రసాద్ అటు నుంచి చూస్తున్నాడు, అతని మొహం కూడా ఏమంత పొడిగా లేదు. అవ్వ ఆడవాళ్ళ బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి నా పక్కనున్నామెను జరగమని, అక్కడ కూర్చుంది. వారం రోజుల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"ముక్కు తుడుచుకోమ్మే. అందరూ చూస్తాండారు."

కొంగు ఆమెదే అందించింది.